బరువు తగ్గే ఆపరేషన్: ఏళ్ల తర్వాత వచ్చే సమస్యలు, వదలని అపోహలు

వలీమాలోనో, ఈద్ ములాఖాత్‌లోనో ఒకప్పుడు బాగా లావుగా ఉన్న బంధువు సగానికి సగం తగ్గి కనిపిస్తే చుట్టూ చేరినవాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. ఎక్కడ చేయించారు? ఎంతయింది? అడగాల్సిన అసలు ప్రశ్నలు మాత్రం ఎవరి నోటా రావు. విటమిన్ గోళీలు వేసుకుంటున్నారా? చివరిసారి రక్త పరీక్ష ఎప్పుడు చేయించారు?

బరువు తగ్గే ఆపరేషన్‌ను డాక్టర్లు బేరియాట్రిక్ సర్జరీ అంటారు. దీని గురించి మన ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. 'చేయించుకుంటే ప్రాణానికే ప్రమాదం' అని కొందరు, 'ఒకసారి చేయించుకుంటే జన్మలో ఇక బాధ లేదు' అని ఇంకొందరు. రెండూ నిజం కాదు. తగిన రోగికి, అనుభవమున్న చోట చేస్తే ఈ ఆపరేషన్ వల్ల మేలు ఎక్కువే. కానీ దాని తర్వాతి జీవితం మందులతో, పరీక్షలతో, జాగ్రత్తలతో నడవాలి. ఏళ్ల తర్వాత వచ్చే నష్టాల్లో చాలా వరకు 'బరువు తగ్గింది కదా, ఇక డాక్టర్‌తో పనేముంది' అనుకున్న దగ్గరే మొదలవుతాయి.

మన రాష్ట్రాల్లో ఇది కొద్దిమంది సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 36 శాతం, తెలంగాణలో దాదాపు 30 శాతం మహిళలు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ కార్పొరేట్ ఆస్పత్రుల్లో ఈ ఆపరేషన్లు మామూలైపోయాయి. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే చేయించుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

ముందు ఒక తికమక తీర్చుకోవాలి. ఈ ఆపరేషన్‌లో కొవ్వు తీయరు. కొవ్వును పీల్చి తీసేది లైపోసక్షన్. అది ప్లాస్టిక్ సర్జరీ, ఊబకాయానికి వైద్యం కాదు. 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో మరణించినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలు వచ్చాయి. అప్పటి నుంచి చాలామంది తెలుగువాళ్లు ఆ పేరునూ, బేరియాట్రిక్ ఆపరేషన్‌నూ ఒకటిగా కలిపేసి మాట్లాడుతున్నారు. అవి రెండూ వేరు. నోటి ద్వారా కడుపులో పెట్టి కొన్ని నెలల తర్వాత తీసేసే బెలూన్ కూడా ఈ ఆపరేషన్ కాదు.

ఎక్కువగా చేసేవి మూడు రకాలు.

స్లీవ్: జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం వరకు కోసి తీసేస్తారు. మిగిలింది అరటిపండులా సన్నని గొట్టం. ఇవాళ ప్రపంచంలో ఎక్కువగా జరిగేది ఇదే. తీసేసిన భాగం మళ్లీ రాదు.

బైపాస్: జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని చిన్నపేగుకు కలుపుతారు. తిన్న ఆహారం మిగతా జీర్ణాశయాన్నీ, పేగు మొదటి భాగాన్నీ తాకకుండా కిందికి పోతుంది.

మినీ బైపాస్: ఇందులో సంచి కాస్త పొడుగ్గా ఉంటుంది, పేగుతో కలిపే చోటు ఒక్కటే. మన దేశంలో ఇదీ బాగానే చేస్తున్నారు.

తర్వాత వచ్చే సమస్యలన్నీ అర్థం కావాలంటే ఒక్క విషయం తెలిస్తే చాలు. ఐరన్, కాల్షియం ఎక్కువగా పేగు మొదటి భాగంలోనే ఒంటికి పడతాయి. బీ12 విటమిన్ ఒంటికి పట్టాలంటే జీర్ణాశయం గోడల్లో తయారయ్యే ఒక పదార్థం కావాలి. ఆ దారినే మార్చేశాక ఎంత మంచి తిండి తిన్నా ఇవి సరిపడా అందవు. అందుకే గోళీలు. ఇవి అదనపు బలం కోసం వేసుకునే టానిక్ లాంటివి కావు. కోసేసిన భాగం చేయాల్సిన పనికి బదులు.

మేలు ఎంత, ఎన్నాళ్లు?

ఈ ఆపరేషన్ల మీద ఎక్కువ కాలం సాగిన అధ్యయనాల్లో ఒకటి స్వీడన్‌లో 1987లో మొదలైంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనూ, చేయించుకోని ఊబకాయులనూ పక్కపక్కన పెట్టి ఏళ్ల తరబడి చూశారు. బైపాస్ చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత తిరిగి వచ్చింది, చాలా భాగం రాలేదు.

షుగర్ సంగతీ అంతే. అదే అధ్యయనంలో రెండేళ్లకు షుగర్ రోగుల్లో 72 శాతం మందికి వ్యాధి అదుపులోకి వచ్చి కనబడకుండా పోయింది. పదేళ్లకు ఆ సంఖ్య 36 శాతానికి, పదిహేనేళ్లకు 30 శాతానికి దిగింది. ఆయుష్షు విషయానికొస్తే, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చేయించుకోనివాళ్ల కంటే సగటున మూడేళ్లు ఎక్కువ బతికారని 2020లో లెక్క తేలింది.

పూర్వం మాట వేరు. 1950ల్లో అమెరికాలో మొదలైన తొలి రకం ఆపరేషన్‌లో చిన్నపేగులో చాలా భాగాన్ని దాటించేవాళ్లు. బరువు తగ్గేది కానీ లివర్, కిడ్నీలు దెబ్బతినేవి. ఆ పద్ధతిని తర్వాత వదిలేశారు. ఏళ్ల తర్వాత కూడా రోగిని చూస్తూనే ఉండాలనే పాఠం అక్కడి నుంచే వచ్చింది.

అపోహలు, వాస్తవాలు

అపోహ: ఆపరేషన్ బల్ల మీదే పోతారు.
వాస్తవం: అనుభవమున్న కేంద్రాల్లో ఆపరేషన్ తర్వాత నెల లోపు మరణాలు వెయ్యిమందిలో సుమారు ఒకరి నుంచి ముగ్గురు. గాల్‌బ్లాడర్ తీసే ఆపరేషన్‌కు ఇది పెద్ద తేడా కాదు. ప్రమాదం అసలే లేదని కాదు. కుట్ల దగ్గర లీకవడం, రక్తస్రావం, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టడం జరగొచ్చు.

అపోహ: చిన్న రంధ్రాలతో చేస్తారు కాబట్టి చిన్న ఆపరేషనే.
వాస్తవం: పొట్ట మీద గాటు చిన్నది. లోపల చేసేది పెద్ద మార్పు. అది జీవితాంతం ఉంటుంది.

అపోహ: జీర్ణాశయం కోసేశారు కాబట్టి బరువు మళ్లీ పెరగదు.
వాస్తవం: పెరుగుతుంది. మిగిలిన గొట్టం కొంత సాగుతుంది, ఆకలి తిరిగి వస్తుంది. అన్నం ఎక్కువ తినలేకపోయినా ఐస్‌క్రీం, మిఠాయిలు, కూల్‌డ్రింకులు, బిస్కెట్లు సులువుగా లోపలికి జారిపోతాయి. కొద్దిగా పెరగడం మామూలే. బాగా పెరుగుతుంటే సిగ్గుపడి డాక్టర్‌ను తప్పించుకోకూడదు. అప్పుడు ఇవ్వగలిగే మందులు, అవసరమైతే రెండో ఆపరేషన్ ఉన్నాయి.

అపోహ: షుగర్ పూర్తిగా పోయింది, ఇక పరీక్ష అక్కర్లేదు.
వాస్తవం: షుగర్ దాగి ఉంటుంది, తిరిగి రావచ్చు. ఏటా మూడు నెలల సగటు షుగర్ పరీక్ష, కంటి పరీక్ష, కిడ్నీ పరీక్ష ఆపకూడదు.

అపోహ: విటమిన్ గోళీలు ఒక ఏడాది చాలు.
వాస్తవం: జీవితాంతం. ఇందులో మినహాయింపు లేదు.

అపోహ: ఇది బద్ధకస్తుల దారి. నోరు కట్టుకోలేనివాళ్లే చేయించుకుంటారు.
వాస్తవం: ఊబకాయం ఒక జబ్బు. వంశం, హార్మోన్లు, నిద్ర, మందులు అన్నీ అందులో పాత్ర పోషిస్తాయి. పైగా ఆపరేషన్ తర్వాతి క్రమశిక్షణ డైటింగ్ కంటే కష్టం. ఈ ఎత్తిపొడుపు వల్లే చాలామంది ఆపరేషన్ సంగతి దాస్తారు. దాచడం వల్ల వచ్చే నష్టం గురించి కింద చూద్దాం.

అపోహ: ఎవరు అడిగితే వాళ్లకు చేసేస్తారు.
వాస్తవం: 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు కొత్త సూచనలు ఇచ్చాయి. బీఎంఐ 35 దాటినవాళ్లకు సిఫారసు చేయొచ్చు. ఆసియా ప్రజలకు తక్కువ బరువులోనే షుగర్, గుండె జబ్బులు వస్తాయి కాబట్టి 27.5 నుంచే ఆలోచించవచ్చని చెప్పాయి. పెళ్లికి ముందు పది కిలోలు తగ్గించుకోవడానికి ఉద్దేశించింది మాత్రం కాదు.

ఏళ్ల మీద వచ్చే సమస్యలు

జుట్టు రాలడం. మూడు నుంచి ఆరు నెలల మధ్య మొదలై అందరినీ భయపెడుతుంది. వేగంగా బరువు తగ్గడం వల్ల వచ్చేది మామూలుగా తిరిగి మొలుస్తుంది. ఏడాది దాటాక కూడా రాలుతుంటే ఐరన్, జింక్, ప్రొటీన్ లోపం ఉందేమో చూడాలి.

గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. బరువు వేగంగా తగ్గే నెలల్లో ఇవి ఎక్కువ. వీటిని ఆపడానికి చాలామంది డాక్టర్లు మొదటి ఆరు నెలలు ఒక మందు ఇస్తారు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే గ్యాస్ అని వదిలేయొద్దు.

రక్తహీనత. నెలసరి వచ్చే ఆడవాళ్లలో ఎక్కువ. మెట్లెక్కితే ఆయాసం, ముఖం పాలిపోవడం, మంచుగడ్డలు, మట్టి, బియ్యం తినాలనిపించడం దీని గుర్తులు. అన్నం తిన్న వెంటనే ఇరానీ చాయ్ తాగే అలవాటు ఉంటే ఐరన్ ఇంకా తక్కువ పడుతుంది.

బీ12 లోపం. ఒంట్లో బీ12 నిల్వ ఉంటుంది కాబట్టి లోపం వెంటనే బయటపడదు. రెండు మూడేళ్లకు అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు మొదలవుతాయి. షుగర్ వల్లే అనుకుని ఆలస్యం చేస్తే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో ఈ లోపం ఇంకా ఎక్కువ.

బీ1 లోపం. అన్నిటికంటే వేగంగా ముంచేది ఇదే. రోజుల తరబడి వాంతులు అవుతుంటే కొన్ని వారాల్లోనే వస్తుంది. చూపు రెండుగా కనిపించడం, తూలడం, మాటల్లో తికమక దీని గుర్తులు. వాంతులతో ఆస్పత్రికి వెళ్తే అక్కడ మొదట గ్లూకోజ్ ఎక్కిస్తారు. బీ1 లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు ముప్పు పెరుగుతుంది. అందుకే వెంట వెళ్లినవాళ్లు ముందుగా 'ఈమెకు బేరియాట్రిక్ ఆపరేషన్ అయింది, బీ1 ఇవ్వాలేమో చూడండి' అని చెప్పాలి. ఈ ఒక్క వాక్యం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఎముకలు పలచబడటం. కాల్షియం, విటమిన్ డి తగ్గితే ఒళ్లు ఎముకల నుంచే కాల్షియం లాక్కుంటుంది. ఎక్కువ సమయం ఇంట్లోనే ఉండేవాళ్లకు, బయట బురఖాలో ఉండేవాళ్లకు ఎండ తక్కువగా తగులుతుంది కాబట్టి విటమిన్ డి ముందే తక్కువగా ఉండొచ్చు. ఆపరేషన్‌కు ముందే పరీక్ష చేయించుకుని సరిచేసుకోవడం మంచిది. ఇంటి డాబా మీదో, వరండాలోనో ముఖం, చేతులకు ఎండ తగిలేలా కాసేపు కూర్చోవడం కూడా పనికొస్తుంది.

ఛాతీలో మంట. స్లీవ్ తర్వాత కొందరికి కొత్తగా వస్తుంది, ముందే ఉన్నవాళ్లకు పెరగొచ్చు. ఏళ్ల తరబడి ఉంటే అన్నవాహిక లోపలి పొర మారిపోయే ప్రమాదం ఉంది. అందుకే మంట లేకపోయినా మొదటి ఏడాది తర్వాత, ఆపైన రెండు మూడేళ్లకోసారి ఎండోస్కోపీ చేయించాలని నిపుణులు సూచిస్తున్నారు. ఆపరేషన్‌కు ముందే మంట ఎక్కువగా ఉన్నవాళ్లు స్లీవ్ కన్నా బైపాస్ మేలా అని సర్జన్‌ను అడగాలి.

కలిపిన చోట పుండు. బైపాస్, మినీ బైపాస్‌లలో వస్తుంది. ముఖ్య కారణాలు సిగరెట్, నొప్పి గోళీలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని మింగేయడం మనకు మామూలే. బైపాస్ అయినవాళ్లకు ఇవి పనికిరావు. తలనొప్పికీ, జ్వరానికీ పారాసిటమాల్ వాడొచ్చు. నల్లగా, తారులా విరేచనం అయితే లోపల రక్తం పోతున్నట్టు.

లోపల పేగు ఇరుక్కోవడం. బైపాస్ తర్వాత ఎన్నేళ్లకైనా జరగొచ్చు, గర్భంతో ఉన్నప్పుడు కూడా. తిన్న తర్వాత మెలిపెట్టే నొప్పి వచ్చి పోతూ ఉంటుంది. స్కాన్‌లో ఒక్కోసారి కనిపించదు. నొప్పి ఆగకపోతే బేరియాట్రిక్ సర్జన్‌కే చూపించాలి.

డంపింగ్. తీపి తిన్న పది నిమిషాల నుంచి అరగంటలో గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం, విరేచనాలు. ఇది కాక ఇంకో రకం ఉంది. తిన్న గంట నుంచి మూడు గంటల తర్వాత షుగర్ బాగా పడిపోయి వణుకు, స్పృహ తప్పడం. ఇది ఆపరేషన్ అయిన ఏడాది దాటాక మొదలవుతుంది. బండి నడిపేవాళ్లకు మరీ ప్రమాదం.

కిడ్నీలో రాళ్లు. బైపాస్ తర్వాత ఎక్కువ. నీళ్లు తక్కువ తాగితే ఇంకా ఎక్కువ.

వేలాడే చర్మం. పొట్ట, చేతులు, తొడల దగ్గర మిగులుతుంది. మడతల్లో ఒరుపు, దురద వస్తాయి. వ్యాయామంతో పూర్తిగా పోదు.

మనసు. బరువు తగ్గితే బాధలన్నీ పోతాయనుకున్నవాళ్లకు అవి అలాగే మిగిలితే దిగులు ఎక్కువవుతుంది. ఇన్నాళ్లూ తిండిలో వెతుక్కున్న ఓదార్పు ఇప్పుడు దొరకదు. ఆపరేషన్ తర్వాతి ఏళ్లలో కొందరిలో తమకు తాము హాని చేసుకునే ఆలోచనలు పెరుగుతాయని అధ్యయనాలు గుర్తించాయి. ఒంటరిగా కూర్చోవడం, నిద్ర లేకపోవడం, చావు మాటలు ఇంట్లోవాళ్లు గమనించాలి. ప్రభుత్వ టెలిమానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో, ఉర్దూలో మాట్లాడొచ్చు.

రోజూ కావాల్సినవి

మోతాదు ఎవరికి వారు నిర్ణయించుకునేది కాదు, రక్త పరీక్ష చూసి డాక్టర్ చెప్పేది. అయినా అంతర్జాతీయ సూచనలు తెలిసి ఉంటే మంచిది. రోజుకు కాల్షియం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, విడతలుగా. విటమిన్ డి 3000 యూనిట్లు. బీ12 రోజూ 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, లేదా నెలకో ఇంజెక్షన్. నెలసరి వచ్చే ఆడవాళ్లకూ, బైపాస్ అయినవాళ్లకూ ఐరన్ 45 నుంచి 60 మిల్లీగ్రాములు. బీ1 కనీసం 12 మిల్లీగ్రాములు. వీటితో పాటు ఒక మల్టీవిటమిన్. మామూలు మల్టీవిటమిన్ గోళీ ఒక్కటే ఇంత అందించదు. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకూడదు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. కాల్షియంలో సిట్రేట్ రకం బాగా పడుతుంది.

ప్రొటీన్ రోజుకు కనీసం 60 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల వండిన కోడిమాంసంలో 25 గ్రాముల పైన, వంద గ్రాముల చేపలో 20 దాకా ఉంటుంది. పళ్లెంలో ముందు మాంసం, గుడ్డు, పప్పు. చివర్లో చోటుంటే అన్నం, రొట్టె. తింటూ నీళ్లు తాగొద్దు, అరగంట ఆగాలి.

గోళీల విషయంలో మన ఇళ్లలో ఒక సందేహం ఉంటుంది. కాప్సూల్ పైపొర చాలావాటిలో జెలటిన్, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి వస్తుంది. ఈ సందేహంతో గోళీలే మానేసినవాళ్లూ ఉన్నారు. మానేయాల్సిన పని లేదు. చప్పరించే గోళీలు, మాత్రలు, శాకాహార కాప్సూళ్లు, ఇంజెక్షన్లు ఉన్నాయి. డాక్టర్‌ను, ఫార్మసిస్ట్‌ను అడిగితే మార్చి ఇస్తారు.

పరీక్షలు మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు. తర్వాత ఏటా ఒకసారి: హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వ, బీ12, ఫోలిక్ యాసిడ్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, లివర్, కిడ్నీ, షుగర్. రెండేళ్లకు ఎముకల సాంద్రత పరీక్ష. బీపీ, థైరాయిడ్, షుగర్ మందుల మోతాదు కూడా మారుతుంది. బరువు తగ్గాక పాత మోతాదే వేసుకుంటే బీపీ, షుగర్ పడిపోతాయి.

రంజాన్, రోజాలు

మొదటి ఏడాది, కొందరి విషయంలో ఏడాదిన్నర వరకు రోజా వద్దని డాక్టర్లు చెబుతారు. కారణం ఆకలి కాదు, నీళ్లు. ఒక్కసారిగా గ్లాసు నీళ్లు తాగలేని కడుపుతో ఇఫ్తార్ నుంచి సహర్ లోపు లీటరున్నర, రెండు లీటర్లు పూర్తి చేయడం మొదటి నెలల్లో చాలా కష్టం. దాంతో పాటు ప్రొటీన్, గోళీలు కూడా ఆ కొద్ది గంటల్లోనే పట్టాలి. జబ్బుపడినవాళ్లకు దీన్‌లో రుఖ్సత్ ఉంది. తర్వాత ఖజా పెట్టుకోవాలా, ఫిద్యా ఇవ్వాలా అన్నది డాక్టర్ మాట తీసుకెళ్లి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

తర్వాతి ఏళ్లలో డాక్టర్ సరేనంటే రోజా ఉండొచ్చు. కొన్ని మార్పులు కావాలి. ఇఫ్తార్‌లో షర్బత్, ఫలూదా, నాలుగు ఖర్జూరాలు ఒకేసారి తీసుకుంటే డంపింగ్ రావడం దాదాపు ఖాయం. ఒక చిన్న ఖర్జూరం, కొద్ది కొద్దిగా నీళ్లు, మగ్రిబ్ తర్వాత గుడ్డో, చికెనో. హలీం మెత్తగా ఉంటుంది, మాంసం ఉంటుంది, కానీ నెయ్యి ఎక్కువ. చిన్న కప్పులో కొన్ని చెంచాలు చాలు. సమోసా, మిర్చి భజ్జీ పక్కన పెట్టాలి. తరావీహ్‌కు వెళ్లేటప్పుడు నీళ్ల సీసా వెంట ఉంచుకుని గుక్క గుక్కగా తాగాలి. ఐరన్ ఇఫ్తార్ తర్వాత, కాల్షియం పడుకునే ముందు ఒకసారి, సహర్‌లో ఒకసారి వేసుకుంటే తేడా సరిపోతుంది.

రోజాలో షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని వైద్య సూచనలు. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూసుకుంటే రోజా భంగం కాదని చాలామంది ఉలమా చెబుతారు, కాబట్టి దానికి భయపడి పరీక్ష మానొద్దు.

రిష్తా, పెళ్లి, గర్భం

ఆడపిల్లకు రిష్తా కుదరడం లేదని ఆపరేషన్ చేయించడం, ఆరు నెలల్లో నికాహ్, ఆ వెంటనే గర్భం. ఈ వరుస ప్రమాదకరం. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలల దాకా గర్భం వద్దని డాక్టర్లు చెబుతారు. ఆ సమయంలో తల్లి ఒంట్లోనే పోషకాలు కరువు, బిడ్డకు ఏం అందుతుంది? పైగా పీసీఓఎస్ వల్ల ఏళ్ల తరబడి గర్భం రానివాళ్లకు కూడా బరువు తగ్గగానే త్వరగా నిలుస్తుంది. బైపాస్ అయినవాళ్లు గర్భ నిరోధక మాత్రల మీద ఆధారపడకూడదు, అవి సరిగ్గా ఒంటికి పట్టకపోవచ్చు. వేరే పద్ధతి గైనకాలజిస్టును అడగాలి.

ఇంకా పెద్ద ప్రమాదం దాచడం. అత్తగారింట్లో తెలియకూడదని ఆపరేషన్ సంగతి దాస్తే ఆ అమ్మాయి గోళీలు చాటుగా మింగాలి, లేదా మానేయాలి. వలీమా దావత్‌లో బలవంతంగా తినిపిస్తే కాదనలేదు. గర్భం వచ్చాక వాంతులైతే అందరూ వేవిళ్లే అనుకుంటారు. గైనకాలజిస్టుకు కూడా చెప్పకపోతే షుగర్ పరీక్ష కోసం గ్లూకోజ్ నీళ్లు తాగిస్తారు. బైపాస్ అయినవాళ్లకు అది పడదు. వాళ్లకు వారం పాటు ఇంట్లో మిషన్‌తో షుగర్ చూసే పద్ధతి ఉంది. విటమిన్ ఏ కూడా గర్భంలో ఏ రకం తీసుకోవాలో డాక్టరే చెప్పాలి. మాట ఖాయమయ్యే ముందే చెప్పుకోవడం రెండు కుటుంబాలకూ మేలు. ఎవరికీ చెప్పలేకపోయినా కాబోయే భర్తకూ, డాక్టర్‌కూ చెప్పి తీరాలి.

ఖర్చు, ఇన్సూరెన్స్

ఆస్పత్రి చెప్పే ప్యాకేజీ ఆపరేషన్ వరకే. ఇంటి బడ్జెట్‌లో రాసుకోవాల్సింది ఆ తర్వాతి లెక్క: నెలనెలా గోళీలు, ఏటా పరీక్షలు, అప్పుడప్పుడు ఎండోస్కోపీ. ఈ నెలవారీ ఖర్చు భరించలేమనిపిస్తే ఆపరేషన్ వాయిదా వేయడమే తెలివైన పని. ప్యాకేజీలో ఎన్ని ఫాలోఅప్‌లు ఉన్నాయి, డైటీషియన్ ఎన్నాళ్లు చూస్తారు, సమస్య వచ్చి మళ్లీ చేరితే ఎవరు కట్టాలి, ఈ మూడూ కాగితం మీద రాయించుకోవాలి.

ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం ఊబకాయం ఆపరేషన్‌కు క్లెయిం రావాలంటే షరతులున్నాయి. డాక్టర్ సలహా ఉండాలి, వయసు 18 దాటాలి, బీఎంఐ 40 లేదా ఆపైన ఉండాలి. 35 పైన ఉంటే గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపు కాని టైప్ 2 షుగర్ లాంటివి ఉండి, వేరే మార్గాలు ఫలించకపోయి ఉండాలి. వైద్యపరంగా 27.5కే ఆలోచించవచ్చన్నా క్లెయిం గీత వేరని గుర్తుంచుకోవాలి. వేలాడే చర్మం తీయించడాన్ని అందం కోసం చేసే ఆపరేషన్‌గానే చూస్తారు, సాధారణంగా డబ్బు రాదు. కొత్త పాలసీ తీసుకునేటప్పుడు పాత ఆపరేషన్ సంగతి దాస్తే తర్వాత అసలు క్లెయిమే పోవచ్చు.

సౌదీ, కువైట్, దుబాయ్‌లో చేయించుకున్నవాళ్లు ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జ్ కాగితాలు తప్పకుండా వెంట తెచ్చుకోవాలి. ఏ రకం చేశారో తెలియకపోతే ఇక్కడి డాక్టర్ గుడ్డిగా వైద్యం చేయాల్సి వస్తుంది.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన గుర్తులు

• రెండు రోజులకు మించి వాంతులు, నీళ్లు కూడా నిలవకపోవడం
• చూపు రెండుగా కనిపించడం, తూలడం, మాటల్లో తికమక
• ఆగని కడుపు నొప్పి, నొప్పితో పాటు జ్వరం, గుండె దడ
• నల్లని విరేచనం, రక్తపు వాంతి
• తిన్న తర్వాత స్పృహ తప్పడం
• ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, హఠాత్తుగా ఆయాసం

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

మెహమాన్ నవాజీ మన గుణం. కానీ 'ఇంకో ముద్ద తినండి' అన్న మాట ఈ రోగికి వాంతి తెప్పిస్తుంది. చిన్న ప్లేటులో కొద్దిగా పెట్టి, నెమ్మదిగా తిననివ్వండి. 'అన్ని లక్షలు పోసి కూడా మళ్లీ లావయ్యావు' అనే మాట నోట రాకూడదు, ఆ మాటకు భయపడే చాలామంది పరీక్షలకు వెళ్లడం మానేస్తారు.

ఒక చిన్న కార్డు రాసి పర్సులో పెట్టించండి: ఏ ఆపరేషన్, ఏ తేదీ, ఏ ఆస్పత్రి, వాడకూడని మందులు. దాని ఫోటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. ఇక ఏటా చేయించే రక్త పరీక్షకు షాబాన్ నెల పెట్టుకుంటే మరచిపోయే పనుండదు. రిపోర్టు చేతికొచ్చాక ఆ ఏడాది రోజాలు ఉండొచ్చా లేదా అన్న ప్రశ్నకు కూడా డాక్టర్ దగ్గర అప్పుడే జవాబు దొరుకుతుంది.